అబిడ్స్‌లో పాడి నాంపల్లిలో పాడని టాబ్లెట్

2008 అక్టోబరులో నేను అబిడ్స్‌లోని ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీ సర్వీసు కేంద్రంలో సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా ఉన్నాను. హోదా వినడానికి గంభీరంగానే ఉంటుంది. కింది ఇంజనీర్లు బాగుచేయలేనివాటిని నేనూ బాగుచేయలేకపోతే, ఆ సంగతి కస్టమరుకు మర్యాదగా చెప్పే అధికారం నాకుండేది. అంతే.

మా దగ్గర ప్రతి ఫిర్యాదుకూ ఒక జాబ్ కార్డు తెరుస్తారు. కస్టమరు పేరు, వస్తువు, లోపం, చేసిన పని, కింద నా సంతకం. లోపం దొరకకపోతే 'ఎన్.ఎఫ్.ఎఫ్.' అని రాస్తారు. నో ఫాల్ట్ ఫౌండ్ అన్నమాట. అంటే వస్తువు బాగుందని అర్థం కాదు, మాకేమీ దొరకలేదని. ఈ తేడాను కస్టమర్లకు వివరించే ఆనవాయితీ మా కంపెనీలో లేదు.

ఆ నెల నాంపల్లిలోని ఒక టాబ్లెట్ మీద అప్పటికే మూడు ఎన్.ఎఫ్.ఎఫ్.లు పడ్డాయి. ఆ వస్తువు గురించి కొంత చెప్పాలి. ఇల్లంతా పాటలు వినిపించాలనుకునే ఉన్నవాళ్లకు మేము ఒక జోడీ అమ్మేవాళ్లం. ఒకటి సర్వర్, అంటే పాటలన్నీ దాచే నల్లటి పెట్టె. దానికి తెర లేదు, మీటలు లేవు. రెండోది టాబ్లెట్, అంటే పలకంత రిమోటు. పలక మీద పాట పేరు తాకితే పెట్టె స్పీకర్లలో పాడుతుంది. పలకను తెరవగానే అది వైఫైలో "సర్వరూ, ఎక్కడున్నావు?" అని కేక వేస్తుంది. అదే నెట్‌వర్కులో ఉన్న సర్వర్ "ఇక్కడే" అంటుంది. వేరే నెట్‌వర్కులో ఉంటే ఆ కేక దాని దాకా చేరదు.

నాంపల్లి పలక కేక వేస్తూనే ఉంది, సర్వర్ పలకడం లేదు. మొదట వెళ్లిన మా ఇంజనీరు దాన్ని ఆపి మళ్లీ తెరిచాడు. రెండో ఆయన బ్యాటరీ మార్చాడు. లోపానికీ బ్యాటరీకీ సంబంధం లేదు గానీ ఆయన సంచిలో అదొక్కటే ఉంది. మూడో ఆయన పలకను అబిడ్స్ వర్క్‌షాపుకే తెచ్చాడు. పరీక్షల కోసం అక్కడ మా సర్వర్ ఒకటి ఎప్పుడూ నడుస్తుంటుంది. బల్ల మీద పెట్టగానే పలక దాన్ని పట్టుకుని పాట అందుకుంది. ఎన్.ఎఫ్.ఎఫ్. రాసి నాంపల్లికి పంపేశారు. అక్కడికి వెళ్లగానే మళ్లీ మూగబోయింది.

నాలుగో కార్డుకు నేనే వెళ్లాను. బుధవారం, పొద్దున పదిన్నర. కార్డు మీది పేరు దానియేలుది, బ్యాంకు ఉద్యోగి. అసలు ఫిర్యాదు మాత్రం ఆయన తల్లి రూతమ్మ టీచరుది. డెబ్బై దాటిన మనిషి, రిటైరైన సంగీతం టీచరు, చర్చిలో క్వయర్‌ను, అంటే పాటల బృందాన్ని, నడిపేది ఆమే. నేను కుర్చీలో కుదురుకోకముందే అందుకుంది.

"ఏంది బాబూ, గీ పలక అబిడ్స్‌ల పాడ్తదంట, నాంపల్లిల పాడదంట. దానికి మా గాలి పడ్తలేదా?"

చూస్తానన్నాను.

"ముగ్గురు గదే మాట చెప్పిన్రు. నువ్వు జర చూసినంక చెప్పు."

ఆమె తొందరకు కారణం ఉంది. ఆదివారం వాళ్ల చర్చిలో కోత పండుగ. మెదక్ దగ్గర ఆమె పుట్టిన ఊళ్లో క్వయర్ పాడే పాత కోత పాట ఒకటుంది. దాని రాగం తెలిసినవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది, ఆమెకూ రెండో చరణం దగ్గర తప్పుతోంది. తొంభైల్లో ఆమె భర్త ఆ పాటను క్యాసెట్‌లో పట్టాడు. తర్వాత క్యాసెట్లన్నిటినీ సర్వర్‌లోకి ఎక్కించి, బూజు పట్టినవాటిని, ఆ పాట క్యాసెట్‌తో సహా, పారేశాడు. కిందటి ఏడాది ఆయన పోయాడు. ఇప్పుడు ఆ పాట సర్వర్‌లో తప్ప ఎక్కడా లేదు. క్వయర్ సాధన శుక్రవారం సాయంత్రం.

పలకను చూశాను. వైఫై బలంగా ఉంది, అన్నీ సవ్యంగా ఉన్నాయి. అప్పుడు, ఇరవై రెండేళ్ల అనుభవాన్నంతా ఉపయోగించి, సర్వర్ ఎక్కడుందని అడిగాను. ముగ్గురు ఇంజనీర్లు వచ్చి వెళ్లిన ఇంట్లో ఆ ప్రశ్న వేసినవాళ్లు లేరు. కార్డులో 'వస్తువు' అన్నచోట టాబ్లెట్ అని ఉంది, వాళ్లు టాబ్లెట్‌నే చూశారు.

దానియేలు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇంట్లనే ఉంది సార్."

"ఏ గదిలో?"

"ఇంట్లనే సార్. ఫికర్ చెయ్యకుండ్రి, మీరు పలకను జూడుండ్రి."

"చెప్పరాదుర, నోరు లేదా?" అంది రూతమ్మ. "గోడకవతల ఉంది బాబూ, వాళ్లన్న తాన."

అప్పుడు గమనించాను. హాలును నిలువునా చీలుస్తూ కొత్త గోడ. ప్లాస్టరింగు అయింది, రంగు పడలేదు. ఇంతసేపూ నేను దానికే ఆనుకుని కూర్చున్నాను.

తండ్రి పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. చర్చి పెద్దలిద్దరు, మేనమామ ఒకరు కూర్చుని స్టాంపు కాగితం మీద పంపకాలు రాశారు. ఇల్లు చెరి సగం. సంగీతం సామాను కింద పెట్టె ఒకటి, పలక ఒకటి అని రాసి చీట్లు వేస్తే పెట్టె పెద్దవాడు సామ్యూలుకు, పలక చిన్నవాడికి వచ్చాయి. స్పీకర్లలో కుడిది ఒకరికి, ఎడమది ఒకరికి. న్యాయం దృష్ట్యా తప్పు పట్టడానికేమీ లేదు. తల్లిని అలా విడదీసే వీలు లేక నెలల చొప్పున పంచారు. బేసి నెలలు పెద్దవాడివి, సరి నెలలు చిన్నవాడివి. రోజులు తక్కువుండే ఫిబ్రవరి చిన్నవాడి వాటాకు రావడం కేవలం కాకతాళీయమట.

గోడ లేచాక దానియేలు సొంతంగా బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నాడు. పలక ఆ కొత్త నెట్‌వర్కులో వెతుకుతోంది. సర్వర్ అన్నగారి నెట్‌వర్కులో నిక్షేపంగా ఉంది.

గోడకు చిన్న రంధ్రం చేసి వైరు లాగితే సరిపోతుందన్నాను. "గోడ ముడితే మా అన్న ఊకోడు సార్. గా పెట్టెనే గీడికి పంపమనుండ్రి" అన్నాడు దానియేలు.

ఆ గేటులోంచి బయటికొచ్చి, పది అడుగులు వేసి, పక్క గేటు తట్టాను. రూతమ్మ నా వెంటే వచ్చింది. సామ్యూలు కాలేజీలో లెక్కల లెక్చరరు. తలుపు తీసి, ముందు తల్లిని చూశాడు.

"అమ్మా, మా వంతు వచ్చే ఒకటో తారీఖు సంది గదా?"

"ఉండనీకె రాలేదుర. పాట కోసం వచ్చిన."

సర్వర్ మీద లేసు గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు. పలక లేక ఆయన పెట్టె కూడా పాడటం లేదు. "నేను గూడ మీ కంపెనీకి ఫోన్ చేసిన సార్. మీవోడొచ్చి, లైటు వెలుగుతుంది, పెట్టె మంచిగుందని రాసిపోయిండు" అన్నాడు. ఆఫీసుకు వెళ్లాక వెతికితే ఆ కార్డూ దొరికింది. ఒకే ఇంటి నంబరు, ఒకే నెల, పాతవి మూడూ ఇదొకటీ కలిపి నాలుగు కార్డులు. అన్నిటి మీదా ఎన్.ఎఫ్.ఎఫ్., అన్నిటి కిందా నా సంతకం. సంతకం మాత్రం చాలా స్పష్టంగా ఉంది.

వైరుకు ఆయన ఒప్పుకోలేదు, పలకనే ఇటు పంపమన్నాడు. పోనీ ఒక్క పాట కాపీ చేసుకుంటానన్నాను.

"పెట్టె నా వాటా సార్. అండ్ల ఉన్నదంత నాదే."

"కాగితం తియ్యి" అంది రూతమ్మ.

తీశాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, పిల్లల జవాబు పత్రం దిద్దుతున్నట్టు చివరిదాకా చదివింది. "పెట్టె అని ఉంది. పలక అని ఉంది. పాటలని యాడుందో చూపెట్టు."

సామ్యూలు రెండుసార్లు వెతికాడు. లేదు.

"రాయనివి నావి. అండ్ల నా గొంతుంది, మీ నాయిన పట్టిండు. మీరిద్దరు పక్కనే కూసున్నరు గని ఒక్కనికి రాగం అంటలే." ఆమె గుమ్మానికి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "పాట ఇచ్చినంక లేస్త. లేకుంటే అక్టోబరు గీడనే."

వంతు కాని నెలలో తల్లి. లెక్కల మనిషికి ఎక్కువ సమయం పట్టలేదు. పూలకుండీని తనే తీసి కింద పెట్టాడు.

నా ల్యాప్‌టాప్‌ను సర్వర్‌కు నేరుగా వైరుతో కలిపి, ఆమె అడిగిన పాటలన్నీ తీసి సీడీలకు ఎక్కించాను. కోత పాట అక్కడే వినిపించాను. రెండో చరణం రాగానే ఆమె తొడ మీద చరిచింది. "గిదీ సంగతి! నేను కిందికి పోతున్న, గది మీదికి పోతది."

గోడకవతల నుంచి దానియేలు అరిచాడు. "అమ్మా, వచ్చిందా?"

"ఔ, వచ్చింది!" అని సామ్యూలు అలవాటు కొద్దీ బదులిచ్చి, వెంటనే మొహం గంటు పెట్టుకున్నాడు.

ఆదివారం పాట పాడారు. సోమవారం ఆమె ఫోన్ చేసి, మగవాళ్ల గొంతులు తప్ప అన్నీ బాగున్నాయని చెప్పింది. పలక, పెట్టె ఎవరి వాటాలో అవి ఉండిపోయాయి. కార్డులో 'లోపం' దగ్గర 'పంపకం' అని రాశాను. అలాంటి లోపం కంపెనీ జాబితాలో లేదని మేనేజరు తిప్పి పంపాడు. జాబితాలో ఉన్నవాటిలో దగ్గరిది 'కస్టమరు వాడకంలో పొరపాటు'. దానికి టిక్కు పెట్టాను.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది చిన్న విషయం. యంత్రం దేనికోసమో వెతుకుతోందంటే, ఆ వెతికే వస్తువు ఎవరి స్వాధీనంలో ఉందో ముందు అడగాలి. ఆ ప్రశ్నకు ఇంటివాళ్లు తడబడితే పనిముట్ల సంచి విప్పనక్కర్లేదు, లోపం దొరికినట్టే.