చదివి చింపెయ్

మా బావ ఏ సంగతీ నోటితో చెప్పడు. చీటీ రాసిస్తాడు. అడుగున "చదివి చింపెయ్" అని రాసి, కింద రెండు గీతలు గీస్తాడు.

బావ పనిచేసేది అచ్చాఫీసులో కాబట్టి కాగితం ముక్కలకు కరువు లేదు. ఓరోజు భోజనాల దగ్గర మా అక్కకు చీటీ అందింది. "కూరలో ఉప్పు తక్కువైంది. చదివి చింపెయ్." అక్క చింపి బావ కంచంలోనే వేసింది. బావ ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టుకుని, మిగతాది తిన్నాడు.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. సెలవు రోజుల్లో అచ్చాఫీసులో గూఢచారి సినిమా తీయడం మొదలెట్టాక పట్టుకుంది. కెమెరా నాది గనక కెమెరామన్ని నేను. హీరో, బావకు నాటకాలు నేర్పిన మాస్టారు. డెబ్బై దాటిన గూఢచారి. మొదటి రోజు ఒక్క షాటూ అవలేదు. మాస్టారికి దగ్గుగా ఉందని బావ అందరినీ ఇళ్లకు పంపేశాడు. రెండో రోజు నుంచి చీటీలు.

సినిమాలోనూ అవే. విలన్ చీటీ ఇస్తాడు. మాస్టారు దాన్ని విప్పి, అందులో ఉన్న తన డైలాగును కరెంటు బిల్లు చదివినట్టు చదువుతారు: "ఒరేయ్ దొంగవెధవా, నువ్వు నన్ను పట్టుకోలేవు."

విలన్ వేషం వేసిన అచ్చాఫీసు బైండరుకు అనుమానం వచ్చింది. "అన్నా, నన్ను తిట్టే మాటలు నేనే రాసివ్వడమేంటి?"

బావ చీటీ ఇచ్చాడు. "వృత్తి రహస్యం. చదివి చింపెయ్."

నాకు ఒళ్లు మండింది. "ఇన్ని చీటీలు పంచితే ఏ గూఢచారైనా సాయంత్రానికల్లా దొరికిపోతాడు బావా. నా పరువూ పోతుంది."

నాకూ చీటీ అందింది. "కెమెరా కదులుతోంది. చదివి చింపెయ్."

తీరా చిన్న హాలు అద్దెకు తీసుకుని సినిమా వేస్తే, చీటీ కనబడ్డప్పుడల్లా జనం పడీ పడీ నవ్వారు. అయ్యాక మాస్టారు మాట్లాడాలని జనమంతా పట్టుబట్టారు. ఆయన మైకు ముందు నిలబడ్డారు. నోరు తెరిచారు. మాట రాలేదు.

"మొదటి రోజూ ఇంతేరా," అంది పక్కన కూర్చున్న అక్క మెల్లగా. "దగ్గూ లేదు, పాడూ లేదు. ఒక్క ముక్కా గుర్తు రాక కళ్లనీళ్లు పెట్టుకున్నారట. ఆయనొక్కరి చేతిలోనే చీటీ ఉంటే నలుగురికీ తెలిసిపోతుందని, మీ బావ అందరికీ పంచాడు."

"నాకు చెప్పొచ్చుగా?"

"నాకూ నోటితో చెప్పలేదు. చదివి చింపేశాను."

ఈలోగా బావ వేదికెక్కి మాస్టారి చేతిలో చీటీ పెట్టాడు. హాలు గొల్లుమంది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని చదివారు: "ఇంకా నవ్వించగలనని నాకే తెలియదు. మీరు నవ్వి చెప్పారు. సంతోషం. చదివి చింపెయ్." చదివి, అంతమంది ముందూ శ్రద్ధగా చింపారు. చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

ఇంటికొచ్చాక నోటితో అనడానికి సిగ్గేసి, నేనూ ఒక చీటీ రాసిచ్చాను. "తప్పయింది బావా."

బావ చదివాడు. తిప్పి వెనక చూశాడు.

"చింపమని రాయలేదేం?" అన్నాడు, నోటితోనే. మడిచి జేబులో పెట్టుకున్నాడు.