న్యూట్రల్‌లో కొన్నాళ్ళు

క్లచ్ ప్లేటు మాడిన వాసన ఎవరికీ నచ్చదు. ఈ ఉదయం కొండకర్ల రోడ్డులో, నా దగ్గర కారు నేర్చుకుంటున్న ఒకావిడ క్లచ్ మీంచి కాలు తీయకుండానే బండిని గట్టెక్కించబోయింది. ఆవిడ ముక్కు మూసుకుంది. నేను మాత్రం గుండెల నిండా పీల్చాను. అగరొత్తుల వాసనకి దేవుడు గుర్తొచ్చినట్టు, ఆ వాసనకి నాకు జిలానీ భాయి గుర్తొస్తారు.

ఆయన అనకాపల్లిలో డ్రైవింగ్ స్కూలు నడిపేవారు. స్కూలంటే ఒక గది, ఒక కారు, ఒక బోర్డు. నేను తెలుగు చెప్పే ప్రైవేటు బడి మూతపడిన వేసవిలో, దారిన పోతున్న నన్ను ఆ బోర్డే ఆపింది. 'ఇచ్చట కారు నేర్పి పడును' అని ఉంది దాని మీద. ప్రాణం ఊరుకోక లోపలికి వెళ్ళి, 'నేర్పబడును' అని ఉండాలనీ, ఈ లెక్కన నేర్పాక పడిపోతారనీ చెప్పాను. ఆయన నోట్లో బెల్లంముక్కని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకున్నారు.

"నిజమే కదమ్మా. పడకుండా నేర్సుకున్నోడెవుడు?"

తర్వాత తీరిగ్గా, ఆడవాళ్ళకి నేర్పడానికి ఆడమనిషి కోసం వెతుకుతున్నానన్నారు. నాకు సైకిలే సరిగా రాదన్నాను. "నేర్పడం వచ్చు కదా టీచరమ్మా. తోలడం నేను సెప్తాను," అన్నారు.

బడిలో నా పంతం ఒక్కటే. నా క్లాసులో ఏ పిల్లా లేచి పైకి చదవడానికి వణకకూడదు. వణికే పిల్ల పక్కన నిలబడి, తన గొంతు నా గొంతుని దాటేదాకా మెల్లగా కలిసి చదివేదాన్ని. బడితోపాటు ఆ పంతానికీ తాళం పడిందనుకున్నాను. పైగా ఇప్పుడు వణికేది నేనే.

ఒకరోజు కశింకోట రోడ్డులో చెరకు ట్రాక్టరు ఎదురొచ్చింది. కంగారులో గేరు కేసి చూశాను. బండి పక్కకి లాగి ఆగిపోయింది. వెనకే వచ్చిన షేరాటోలోంచి మా బడి పిల్ల ఒకతె "టీచర్" అంటూ చెయ్యూపింది. నేను స్టీరింగు చాటున దాక్కున్నాను. స్టీరింగు చాటు ఎంతో మీకు తెలుసు, నా ఒళ్ళు ఎంతో నాకు తెలుసు.

ఆటో వెళ్ళిపోయాక ఏడుపొచ్చింది. మా బావగారి చీరల కొట్లో కూర్చుంటాననీ, రేపట్నుంచి రాననీ, నేనిప్పుడు అదీ కాను ఇదీ కాను గనుక టీచరమ్మా అని పిలవొద్దనీ భాయితో చెప్పేశాను. ఆయన బండి మళ్ళీ స్టార్టు చేసి, గేరు కర్రని వేళ్ళతో అటూ ఇటూ ఊపారు.

"ఇదేటి?"

న్యూట్రలన్నాను.

"ఈ గేర్లోంచి ఆ గేర్లోకి ఎల్లాలంటే దీంట్లోంచే ఎల్లాల. ఇంజను ఆగిందా? లేదు కదా. నువ్వూ అంతే. కాపోతే ఇక్కడే కూకుండిపోకు." గేరు కర్ర వదిలి, "మార్సినప్పుడు గేరు కేసి సూడకు. రోడ్డు కేసి సూడు," అన్నారు.

కెరీరుకీ గేరుకీ అంత్యప్రాస కుదిరిందని అప్పుడే తట్టింది. ఏడుస్తూ కూడా ప్రాసలు వెతుక్కునే జబ్బు నాది. చీరల కొట్టుకి వెళ్ళలేదు.

లైసెన్సు వచ్చి, తోలడంలో చెయ్యి తిరిగాక నా దగ్గర కూర్చున్న మొదటి మనిషి మాకవరపాలెం నర్సు. ఎందరికో ఇంజక్షన్లు చేసిన చేతులు స్టీరింగు మీద వణుకుతున్నాయి. నాకు తెలిసిన విద్య ఒక్కటే. "క్లచ్ నొక్కు, గేరు వెయ్యి, మెల్లగా వదులు" అని ఆమెతో కలిసి చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి నా గొంతు ఆగినా ఆమె గొంతు సాగుతూనే ఉంది. ఇంకొకరు తోలుతుంటే భాయికి భయం. వెనక సీట్లో పైనున్న పిడి పట్టుకుని, కళ్ళు మూసుకుని దువా చదువుకుంటున్న మనిషి ఒక కన్ను తెరిచారు.

"బళ్ళో పిల్లలకీ ఇలాగే సెప్పేదానివా?"

అవునన్నాను.

"మరేటి మారిందమ్మా?" అని మళ్ళీ కన్ను మూసుకున్నారు.

భాయి ఇప్పుడు లేరు. స్కూలు నా చేతికొచ్చింది. మొన్న బోర్డుకి కొత్త రంగు వేయించాను. నా పేరు కింద ఏం రాయాలని పెయింటరు అడిగితే టీచర్ అని రాయమన్నాను. పైన తప్పుంది దిద్దమంటారా అన్నాడు. వద్దన్నాను. తెలుగు టీచరై ఉండి అదేం పనని మావాళ్ళు నవ్వుతారు. ఎప్పుడో ఒకరోజు ప్రాణం ఊరుకోని మనిషి ఎవరో లోపలికొచ్చి ఆ తప్పు చెప్తారు. వాళ్ళని కూర్చోబెట్టి, నేర్పడం వచ్చా అని అడగాలి.