టాండ్‌బర్గ్ మాస్టారి వార్సిటీ పాఠం

మా రోస్బీలో టాండ్‌బర్గ్ మాస్టారి ఎదుట ‘వార్సిటీ’ అనే మాట ఎవరూ పలికేవారు కాదు. పలికితే అది ఎక్కడ పుట్టిందో మొత్తం చెప్పేదాకా ఆయన వదలరు. ఒకసారి పళ్ల డాక్టరు పొరపాటున ఆ మాట అన్నాడు. మాస్టారు నోట్లో దూది పెట్టుకునే చెప్పారట.

ఆ మాట లేకుండా మా ఊరికి పూట గడవదు. బడిలో అన్నిటికన్నా మేటి జట్టు వార్సిటీ. అందులో ఆడినవాళ్లకు బడి పేరులోని మొదటి అక్షరాన్ని అరచేయంత ఉన్ని గుడ్డలో కత్తిరించి ఇస్తారు. దాన్ని జాకెట్ మీద కుట్టించుకున్నవాళ్లు తల నెరిసినా ఆ జాకెట్ విప్పరు.

మా క్లాసు డేల్ హౌగెన్ తొమ్మిదో తరగతిలోనే వార్సిటీ ఫుట్‌బాల్ ఆడాడు. లాటిన్ చెప్పే మాస్టారికి వాడు రోజూ చిక్కేవాడు.

“మాస్టారూ, శుక్రవారం మా వార్సిటీ...”

“ఆగరా! ఇంగ్లండులో యూనివర్సిటీ అని ఒక పెద్ద మాట ఉండేది. మూడు వందల ఏళ్ల కిందట...”

“బస్సు వెళ్లిపోతుంది మాస్టారూ!”

“అప్పుడు బస్సులు లేవు!”

డేల్ పరుగు. ఫుట్‌బాల్లో వాడికంత వేగం మాస్టారి వల్లే వచ్చిందని ఊళ్లో అనుకునేవారు.

జట్ల జాబితాను జిమ్ తలుపుకు అంటించే రోజు మాస్టారికి పండగ. కాఫీ ఫ్లాస్కుతో వచ్చి తలుపు పక్కనే నిలబడేవారు.

పదకొండో తరగతిలో నేను వాలీబాల్‌కు ప్రయత్నించాను. అంతకుముందు ఏప్రిల్‌లోనే అమ్మ పోయింది. ఆమె నీలం జాకెట్ మీద ఒక ‘ఆర్’ ఉంది. దాని పక్కన నాది కుట్టించుకోవాలని వేసవంతా గరాజ్ తలుపుకేసి బంతి కొట్టాను. జాబితాలో పన్నెండు పేర్లున్నాయి. మూడుసార్లు చదివాను. నా వెనకాల అమ్మాయిలు కౌగిలించుకుని కేకలు పెడుతున్నారు.

“సోల్వే, నీ పేరుందా?” అని ఎవరో అడిగారు.

అప్పుడే మాస్టారు గట్టిగా అందుకున్నారు: “అసలు వార్సిటీ అంటే ఏమిటో తెలుసా?”

“బాబోయ్, మొదలెట్టేశాడు!”

నిమిషంలో వరండా ఖాళీ. నేను మాత్రం జాబితా ముందే ఉండిపోయాను. మాస్టారు నా వైపు చూడనైనా లేదు. గోడకున్న మంటలార్పే ఎర్రటి సిలిండర్‌కు పాఠం చెప్పసాగారు. ఇంగ్లండు కుర్రాళ్లు ‘యూనివర్సిటీ’కి ముందు ముక్క కొట్టేశారని, మిగిలినదాన్ని తమ నోటికి తిరిగినట్టు ‘వార్సిటీ’ అన్నారని, రెండు విద్యాలయాల పందేలకు ఆ పేరే స్థిరపడిందని, ఓడెక్కి మన దగ్గరికొచ్చి మేటి జట్టు పేరైందని. నేను మొదటి నుంచి చివరి దాకా వెక్కివెక్కి ఏడ్చాను. పాఠం సాగినంతసేపూ ఈయనకు గుండె లేదనుకున్నాను.

మొన్న జనవరిలో మాస్టారు పోయారు. నేల గడ్డకట్టింది కాబట్టి పూడ్చడం వసంతంలోనే. అంత్యప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో బంగాళాదుంపలతో ఓవెన్‌లో కాల్చిన హాట్‌డిష్, పల్చటి కాఫీ. ఎవరూ సరిగా తినడం లేదు. ఇప్పుడు ఇనుప సామాన్ల కొట్టు నడుపుతున్న డేల్ ఏదో చెప్పబోయి, “నేను వార్సిటీలో ఉన్నప్పుడు...” అని ఆగిపోయాడు. అడ్డుపడే గొంతు లేదు.

“ఎవరైనా చెప్పండర్రా,” అన్నాడు డేల్ బొంగురుగా. “నాకు బస్సుల దాకానే తెలుసు.”

పోస్టాఫీసు మార్లిస్ లేచింది. “ముందు ముక్క కొట్టేశారు...” అని అందుకుంది. తర్వాతది బ్రెడ్డు చేసే ఓలే. పందేల దగ్గర హాకీ కోచ్ అర్నీ గొంతు కలిపాడు. నలుగురెదుట నోరు విప్పని నేను కూడా లేచాను.

“కోత పడ్డ మాటే ఇంతదూరం వచ్చింది,” అని ఆయన ఆనాడు పాఠం చివర్లో అన్న మాట చెప్పాను.

గదిలో పదిహేను గొంతులు ఒక్కసారే ముగించాయి: “నువ్వూ వస్తావు. ఇక వెళ్లి మొహం కడుక్కో.”

ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం. అర్నీ చెవులు ఎర్రబడ్డాయి. “నాది డెబ్బై తొమ్మిదిలో,” అన్నాడు మెల్లగా. “జాబితాలో పేరు లేదు. ఈయన నోరు తెరవగానే అందరూ పారిపోయారు. నేను ఏడవడం ఎవరూ చూడలేదు.”

“నాదీ అంతే,” అంది మార్లిస్.

డేల్ అయోమయంగా చూశాడు. “మొహం కడుక్కోవడమేంటి? నాకెప్పుడూ చెప్పలేదే!” అంటూనే వాడి కళ్లు కారిపోతున్నాయి.

మార్లిస్ వాడి చేతిలో కాగితం రుమాలు పెట్టి, వాష్‌బేసిన్ వైపు చూపించింది.