ఎలాంటి 'లేదు'?

ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో మర్విన్ టకెట్‌కి ఎవరైనా "లేదు" అంటే సరిపోదు. ఎలాంటి "లేదు"నో కూడా చెప్పాలి. బేకరీలో మాంసం కూరిన రొట్టెలు, 'పై'లు, అడుగుతాడు. లేవంటారు. "చెయ్యలేదా, అయిపోయాయా, పొయ్యిలో ఉన్నాయా?" అని అక్కడే నిలబడతాడు. వెనక వరస వీధిలోకి పాకుతుంది. బేకరీ యజమానురాలు గ్లెనిస్ మొదట్లో తిట్టేది, తర్వాత దండం పెట్టేసింది.

ఆఫీసులోనూ అదే గోల. కంప్యూటర్‌కీ యంత్రాలకీ మధ్య దుబాసీల్లాంటి డ్రైవర్ ప్రోగ్రాములు రాయడం వాళ్ల పని; వాటిని సరిచూసి ఒప్పుకోవాల్సింది మర్విన్. యంత్రం మొరాయిస్తే డ్రైవర్ ఒక ఎర్రర్ కోడ్ ఇస్తుంది, దాన్నిబట్టి తెర మీద ఒక మాట వస్తుంది. అలాంటి కోడ్‌లు నూట ముప్ఫై పైచిలుకు. అన్నీ మర్విన్‌కి కంఠతా వచ్చు. మనవల పుట్టినరోజులు మాత్రం రావు.

అక్కడే పనిచేసే షెరిల్ బౌడెన్, దూరంగా దక్షిణ సముద్రంలో ఉన్న మక్వారీ దీవిలో గాలివేగం కొలిచే యంత్రానికి డ్రైవర్ రాసింది. దాన్ని దీవికి తీసుకెళ్లే ఓడ గురువారం బయల్దేరుతుంది, అది తప్పితే మళ్లీ ఏడాదికే. మర్విన్ అప్పటికి తొమ్మిదిసార్లు తిప్పి పంపాడు. మంచు పేరుకుంటే ఆ యంత్రం తనను తానే వేడి చేసుకుంటుంది, ఆ పది నిమిషాలూ జవాబివ్వదు. షెరిల్ అక్కడ "యంత్రం పాడైంది" అనే కోడ్ పెట్టింది.

"ఏదో ఒక కోడ్ కదా మర్విన్ గారూ, ఆగిందని తెలిస్తే చాలదూ?" అంది, ఏడుపొక్కటే తక్కువ.

"పాడవలేదమ్మా, పనిలో ఉంది. దానిచేత అబద్ధం చెప్పించకు," అన్నాడాయన.

బుధవారం సాయంత్రం పళ్లు నూరుకుంటూ "కాసేపాగి మళ్లీ అడుగు" అనే కోడ్ పెట్టింది. మర్విన్ ఒప్పుకున్నాడు. ఓడ వెళ్లింది.

జూలైలో, అక్కడ నడి చలికాలంలో, దీవి నుంచి డెస్ అనే మెకానిక్ మెయిల్ పంపాడు. నిరుడు పాత యంత్రం "పాడైంది" అంటే నమ్మి, మంచులో పన్నెండు మీటర్ల స్తంభం ఎక్కాడట. పైన అది శుభ్రంగా తిరుగుతోందట. దిగేటప్పుడు జారి కాలు విరిగింది. ఈసారి తుఫానులో కొత్తది ఆగితే "కాసేపాగి మళ్లీ అడుగు" అని వచ్చింది. టీ పెట్టుకున్నాడు. తాగేసరికి యంత్రం పలికింది. ఆ మాట పెట్టినవాళ్లకి తన రెండో కాలు తరఫున కృతజ్ఞతలన్నాడు.

షెరిల్ ఆ మెయిల్ తీసుకెళ్లి మర్విన్‌కి చూపించింది. ఇన్నాళ్లూ చాదస్తమనుకున్నది ఇదా!

"డెస్ మీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"తెలీదమ్మా. కానీ ఆ మాట చదివేవాడు ఒకడుంటాడుగా, చలిలో, ఒక్కడే."

మధ్యాహ్నం ఆయనకి ఒక 'పై' కొనిపెడదామని షెరిల్ బేకరీకి వెళ్లింది. గ్లెనిస్ లేవంది.

"చెయ్యలేదా, అయిపోయాయా, పొయ్యిలో ఉన్నాయా?"

"నువ్వు కూడానా తల్లీ!" గ్లెనిస్ తల పట్టుకుంది. "పొయ్యిలో. ఎనిమిది నిమిషాలు."

షెరిల్ వరసలో అలాగే నిలబడింది.