కూరగాయల అరలో బ్రోమైడ్ కాగితాలు

పోయిన గురువారం మా మణికొండ ఫ్లాట్‌కి కొత్త ఫ్రిజ్ వచ్చింది. పాతదాన్ని పట్టుకుపోయే మనుషులు గుమ్మంలో నిలబడి ఉంటే మా కోడలు హడావిడిగా దాన్ని ఖాళీ చేస్తోంది. నేను బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తున్నాను. కూరగాయల అర అడుగున, బెండకాయల కింద, ఆమెకి నల్ల కవరు చుట్టిన పొట్లం ఒకటి దొరికింది. దాని మీద మా ఆయన చేతిరాతతో చీటీ అంటించి ఉంది. కోడలు హైదరాబాదు పిల్లే, తెలుగు గలగలా మాట్లాడుతుంది, కానీ చదువంతా ఇంగ్లీషులో సాగడంతో అక్షరాలు కూడబలుక్కోవాలి. "జ... ర... ఆ... గు. చీ... క... ట్ల..." అని నోటితో చదువుతూనే చేతులతో పొట్లం విప్పేసింది. "అత్తమ్మా, చీకట్ల ఇప్పాలె అని మామయ్య ఎందుకు రాసిండ్రు?" అని అడిగేసరికి కాగితాలన్నీ పగటి వెలుతురులో ఉన్నాయి. "అయ్యో అయ్యో, మూసెయ్యవే!" అని కేక పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. "ఖాళీ కాగితాలే కదా అత్తమ్మా, ఏం గాలే" అంది, పాపం.

అవి ఫోటోలు వేసే బ్రోమైడ్ కాగితాలు. ఎర్రబల్బు కింద తప్ప విప్పకూడదు. మామూలు వెలుతురు తగిలిందా, అంతే సంగతులు. పైగా ఆ రకం తయారీ కంపెనీవాళ్లు ఎన్నడో మానేశారు. ఇక డబ్బు పోస్తానన్నా దొరకదు. అందులో ఉన్న పది కాగితాల్లో ఒకదాని మీద ఇరవై ఏళ్ల వయసులో ఉన్న నా ముఖం రావాల్సి ఉంది.

మా ఆయనది గోపన్‌పల్లి. ఉద్యోగం బాలానగర్ ఫ్యాక్టరీలో, ప్రాణం మాత్రం కెమెరాలో. ఆదివారం వచ్చిందంటే మాకు స్నానాల గది లేనట్టే. కిటికీకి దుప్పటి కట్టి, బకెట్లు బయటికి గెంటి, ట్రేలు పరిచి లోపల గడియ పెట్టుకునేవారు. ఆయన వేళ్లకి సోమవారం దాకా ఆ మందునీళ్ల పుల్లటి వాసన పోయేది కాదు. ఆ పనిని ఫోటోలు కడగడం అనేవాళ్లం. పెళ్లైన కొత్తలో గుడివాడ నుంచి మా నాన్న వచ్చి "అల్లుడుగారేరమ్మా?" అంటే, "లోపల కడుగుతున్నారు నాన్నా" అన్నాను మామూలుగా. లోపల్నుంచి నీళ్ల చప్పుడు, ట్రేల చప్పుడు. మా నాన్న ముఖం మాడిపోయింది. "మొగుడి చేత గిన్నెలు కడిగిస్తున్నావటే! ఊళ్లో తెలిస్తే మన పరువేం కానూ!" అని గుసగుసగా తిట్టాడు. మా ఆయన తడి ఫోటో పట్టుకుని బయటికి వచ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు మహానుభావుడు.

ఆ ఏడాదే ఒక ఆదివారం తలంటుకుని, ఇంటి వెనక బండ మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే ఆయన నన్ను ఫోటో తీశారు. ఇప్పుడు ఆ బండ లేదు, దాని చోట ఇరవై అంతస్తులు లేచాయి. మామూలు కాగితం మీద ఒకటి వేసి చూసుకుని, నాకు చూపించకుండానే చింపేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. "జుట్టంత బొగ్గుముద్ద లెక్క వచ్చింది. మంచి కాగితం దొరకనీ, ఒక్కొక్క వెంట్రుక లెక్కవెట్టుకోవచ్చు" అన్నారు. ఆ మంచి కాగితం దొరకడానికి ఏళ్లు పట్టింది. చివరికి కోఠీ దుకాణదారు "ఇదే ఆఖరి పొట్లం, ఇగ రాదు" అని చేతిలో పెట్టాడు. పండగ చేసుకుంటూ ఇంటికొచ్చారు.

వచ్చినవారు వేశారా? లేదు! ఆఖరిదనే మాట ఆయన చేతులు కట్టేసింది. "ఆలస్యం అమృతం విషం అంటారండీ" అని దెప్పితే, "జర ఆగు. ఒక్కటి ఖరాబైతే మళ్ల యాడికెళ్లి తెస్త?" అనేవారు. ఊరందరి ఫోటోలూ కడిగారు, నాది తప్ప. ఈలోపు కంటికి శుక్లం వచ్చింది, చెయ్యి వణకడం మొదలైంది, ఈ ఫ్లాట్‌కి మారాం. పొట్లం మాత్రం చల్లగా ఉండాలని ఫ్రిజ్‌లోకి చేరింది. ఆరేళ్ల క్రితం ఆయన పోయారు.

ఆయన్ని అంతగా ఆడిపోసుకున్నదాన్ని నేను చేసిందేమిటి? గోపన్‌పల్లి దగ్గర యూనివర్సిటీలో ఒక మాస్టారు ఇప్పటికీ డార్క్‌రూమ్‌లో ఫోటోలు వేస్తారని తెలిసి వెళ్లాను. "తెండమ్మా, కాగితం పాతదైనా చూద్దాం" అన్నారు. రెండేళ్లయింది. ఎండలు తగ్గనీ అనుకున్నాను, ఆయన సంవత్సరీకం అవనీ అనుకున్నాను, చివరికి నా అరవయ్యో పుట్టినరోజుకి ముహూర్తం పెట్టుకున్నాను. అది వచ్చే నెల. నిజం చెప్పాలంటే నాకూ భయమే. ఆ కాగితం మీద ఏమీ రాకపోతే, ఆయన నాకు ఇస్తానన్నది ఇక ఎప్పటికీ రాదని తేలిపోతుంది.

సంగతి తెలిశాక కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. "గిట్లైతదని నాకు తెల్వదు అత్తమ్మా. ఫికర్ చేయకండి, నెగటివ్ ఉంది కదా" అని, నేను బీరువాలో దాచుకున్న దాన్ని వెలుతురుకి పట్టి ఫోన్‌తో ఫోటో తీసి, ఏవో రెండు మీటలు నొక్కి, క్షణంలో నన్ను నాకు చూపించింది. ముఖం ఉంది, నవ్వు ఉంది. జుట్టు మాత్రం బొగ్గుముద్ద. "చాలా బాగుందమ్మా" అన్నాను. తప్పు ఆ పిల్లది కాదు కదా.

ఆమె ఆఫీసుకి వెళ్లాక ఆ నెగటివ్‌ని బాల్కనీ తలుపు అద్దానికి ఆనించి భూతద్దంతో చూశాను. నెగటివ్‌లో నలుపంతా తెలుపవుతుంది కదా, జుట్టు పోగు పోగునా విడివిడిగా కనబడింది, తెల్లగా, అచ్చం ఇప్పుడు నా తల మీద ఉన్నంత తెల్లగా. నాకు ఏడుపొచ్చింది. మంచిరోజు రానీ అంటూ మేమిద్దరం కలిసి ఆ అమ్మాయిని నలభై ఏళ్లు చీకట్లో కూర్చోబెట్టాం. బయటికి పిలిచేసరికి ముసలిదైపోయింది.