ఎడమ చేతులు

నెలకొక శనివారం మా టీచర్ల కూటం ఉంటుంది. వారమంతా పిల్లల మీద అరిచి అరిచి గొంతు పోయాక, సెలవు రోజు కూడా మద్రాసు కోడంబాక్కంలో రైలెక్కి, బీచ్ స్టేషన్లో మారి, రాయపురంలోని మా బడికే మళ్ళీ రావాలి. ఎందుకయ్యా అంటే, తరగతిలో ట్యాబ్‌లు పెట్టి చెప్తే పిల్లలకు చదువు ఎంతవరకు అబ్బుతుందో పరిశోధన చేసే ఒక అమ్మాయి కోసం. నాలుగైదు బడుల తెలుగు టీచర్లం చేరతాం. తను మా పాఠాలు వీడియో తీసి చూపిస్తుంది, మేం మా అనుభవం చెప్తాం. పరిశోధనకూ తరగతికీ మధ్య దారి వేయాలట. దారి సంగతేమో గానీ, నా మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి.

ఆ శనివారం తెర మీద నా నాలుగో తరగతి కనిపించింది. ట్యాబ్‌లో ప్రశ్న రావడం, పిల్లలందరి చేతులూ పైకి లేవడం. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది.

"మేడమ్, మీ క్లాసులో వెనకబడిన పిల్లలే లేరండీ! కొత్తగా వచ్చిన ట్యాబ్‌లన్నీ వెనకబడిన పిల్లలున్న తిరువొత్తియూరు బడికే పంపిద్దామనుకుంటున్నాను."

ఆ కొత్తవి అక్షరం దగ్గర్నుంచి పలికించి, పిల్లల్ని ఒక్కొక్కరిగా చదివించే రకం. ఆ చేతుల కథ నాకు తెలుసు కదా! తనిఖీకి వచ్చే ఆఫీసర్ల కోసం మేం ఏళ్ళుగా వాడుతున్న కిటుకది. జవాబు వచ్చినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తాలి, రానివాళ్ళు ఎడమ చెయ్యి. కుడి చేతులవాళ్ళనే లేపి అడుగుతాం. ఆఫీసరు మురిసిపోయి టీ తాగి వెళ్తాడు. కెమెరా వచ్చిన రోజు నేను గుర్తు కూడా చెయ్యలేదు, పిల్లలే అలవాటు కొద్దీ ఎత్తేశారు.

తెర మీద మూడో వరసలో ఒక పిల్ల ఉంది. హార్బర్లో చేపలు అమ్మే ఆమె కూతురు. ప్రతి ప్రశ్నకీ ఎడమ చెయ్యే. గుణింతాలు కూడా రావు దానికి. వచ్చే ఏడు ఐదో తరగతికి పోతుంది, అక్కడ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించే ఓపిక ఎవరికుంది? ఇప్పుడు నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, దాని చదువు గంగలో కలుస్తుంది.

"అమ్మా, ఆ ఎడమ చేతులన్నీ రానోళ్ళవి. నేనే అట్ట ఎత్తమని నేర్పినా," అన్నాను.

పక్కనున్న పెద్ద టీచరు నా కొంగు పట్టి లాగింది. "ఏమే, నీకేం పొయ్యేకాలం? అందరం చేసేదే గదా, ఈడ రట్టు చేస్తా ఉండావు!"

ఆ మాటతో అందరి గుట్టూ బయటపడింది. ఆ అమ్మాయి వీడియో ఆపేసి, "మరి ఏడాదంతా నేను రాసుకున్నదీ?" అంది. పాపం, ఏడుస్తుందేమో అని భయపడ్డాను. ఏడవలేదు. కళ్ళజోడు తుడుచుకుని, మొదటి నుంచి వీడియో పెట్టి, ఎడమ చేతులు లెక్క పెట్టడం మొదలుపెట్టింది. ట్యాబ్‌లలో సగం మా బడికి రాసింది. రైల్లో ఇంటికి పోతూ, ఇన్నేళ్ళూ ఏం వెలగబెట్టానని నన్ను నేనే తిట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం ఆ మూడో వరస పిల్లను నా కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుని, క్లాసులో ఉన్న ట్యాబే చేతికిచ్చాను. "ఇంక రోజూ నువ్వే నాకు చదివి వినిపించాల, సరేనా?"

సంతోషిస్తుందనుకున్నాను. బిత్తరపోయి చూసింది.

"నన్ను ఎప్పుడూ అడగరు గదా మిస్?"

"ఇప్పుడు అడుగుతా ఉండా గదమ్మా."

అది తెర మీద వేలు పెట్టింది. తర్వాత తల వంచుకునే చెప్పింది.

"మొదట్లో నాకు కొంచెం వస్తా ఉండె మిస్. మీరు అడగరని వదిలేసినా."