లెక్కపెట్టకుండా ఓడించారు

మా మండలం జెడ్పీటీసీ స్థానం ఆడవాళ్ళకు రిజర్వు అయిందని తెలిసినప్పుడు, పార్టీ టికెట్టు నేను అడుగుతానని అందరికీ తెలుసు. పార్టీ ఓడిపోయి జెండా మోయడానికి మనిషి దొరకని ఏళ్ళలో మా ఊరి పోలింగ్ బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నది నేనే. అప్పుడు అవతలి పార్టీలో ఉన్న ఒక కాంట్రాక్టరు, నాకోసం వచ్చిన నీళ్ళ సీసాను గుమ్మంలోనే ఆపించాడు. సాయంత్రం దాకా ఎండిన నోటితో కూర్చున్నాను. ఆ కాంట్రాక్టరు తర్వాత మా పార్టీలోకి వచ్చాడు. ఇప్పుడు వేదిక మీద కూర్చుంటాడు, ఆయన ముందు నీళ్ళ సీసా ఉంటుంది.

టికెట్టు అడిగింది ఇద్దరం. నేను, ఆ కాంట్రాక్టరు కోడలు. ఆ పిల్ల కాపురం కర్నూలులో. ఊరికి వచ్చినప్పుడు కారు అద్దం దించి నమస్కారం పెడుతుంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెనూ ఎవరూ ఏమీ అడగలేదు, నన్ను అడగనట్టే.

ముందు ఫోన్లలో సర్వే చేస్తామని, ఆ తర్వాత కార్యకర్తల సమావేశంలో చేతులెత్తించి నిర్ణయిస్తామని మా నియోజకవర్గం పార్టీ ఇన్‌ఛార్జి మాట ఇచ్చాడు. సర్వే సుగ్గి కాలంలో పెట్టారు. మాది పడమటి కర్నూలు. వాన ఎగ్గొట్టిన ఏడాది, ఊళ్ళకు ఊళ్ళు తాళాలు వేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. దాన్నే సుగ్గి అంటాం. నా వైపు ఉన్న ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఫోన్లు గట్టు మీద సంచుల్లో మోగి మోగి ఆగిపోయాయి. ఒకామె మాత్రం ఎత్తిందట.

"అక్కా, ఎవురో ఒకామె నీ పేరు చెప్పి ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటాంటే బ్యాంకు దొంగలనుకొని తిట్టి పెట్టేసినా" అని ఆ రాత్రి చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను.

వారం తిరక్కముందే ఇన్‌ఛార్జి డోన్‌లోని తన ఇంటికి పిలిపించాడు. గదిలో కాంట్రాక్టరు కూడా ఉన్నాడు. టీ పళ్ళెం ఆయన దగ్గర ఆగింది, నన్ను దాటి వెళ్ళిపోయింది.

"ఏమమ్మా, సర్వేలో శానా ఎనకుండావు. మర్యాదగా తప్పుకో" అన్నాడు ఇన్‌ఛార్జి. "మార్కెట్ యార్డులో డైరెక్టరు పోస్టు ఉండాది. చూద్దాం."

"నా జనం సుగ్గికి పోయినారన్నా. సమావేశానికి పిలిపిస్తా. నా పేరు చెప్పి చేతులెత్తియ్యండి. తక్కువొస్తే నేనే ఆమెకు దండేస్తా."

"చేతులెత్తిస్తే పార్టీ రెండుగా కనపడతాదమ్మా."

"ఎత్తే చేతులన్నీ మిరపకాయలు కోస్తాండాయి కదన్నా, ఇంకేం ఎత్తుతాయి!" అన్నాడు కాంట్రాక్టరు. గదిలో అందరూ నవ్వారు. తలుపు దగ్గర నిలబడిన డ్రైవరు కూడా నవ్వాడు. ఆ డ్రైవరు పెళ్ళికి మా ఇంటి నుంచి పాత్రలు వెళ్ళాయి.

నేను గెలుస్తానని అనుకోలేదు. ఓడిస్తే లెక్కపెట్టి ఓడించమన్నాను. అడిగింది అంతే.

ఆ వారం నుంచి మా ఆయన ట్రాక్టరుకు కంకర తోలే పని ఆగిపోయింది. ఆ కంకర కాంట్రాక్టరుదే. మా ఆయన రెండు రోజులు వాకిట్లో ట్రాక్టరు తుడుస్తూ కూర్చున్నాడు.

"ఓడిపోయేదానికి ఇంత పంతమెందుకే? గమ్మునుండు" అన్నాడు.

"ఓడిపోయినానని ఎవురు లెక్కపెట్టినారు?" అన్నాను. అన్నం తినకుండా లేచి వెళ్ళాడు.

తర్వాత మా సంఘం పాస్టరు ఇంటికి వచ్చారు. మా తాతలు రాళ్ళు మోసి కట్టిన గుడి మాది. సమాధుల తోటకు ప్రహరీ గోడ లేదు, మేకలూ పందులూ తిరుగుతుంటాయి. నేను తప్పుకుంటే గోడ కట్టిస్తానని కాంట్రాక్టరు మాట ఇచ్చాడట. "సమాధానంగా ఆలోచించమ్మా" అన్నారు. ఆలోచించేది ఏమీ లేదని చెప్పి, మర్యాదగానే సాగనంపాను.

ఆ ఆదివారం గుడిలో, ముసుగు వేసుకుని కళ్ళు మూసుకుని ఉన్నాను. పాస్టరు ప్రార్థన చేస్తున్నారు. జబ్బుపడిన వాళ్ళ కోసం, ఆమెన్. సుగ్గికి పోయిన బిడ్డల కోసం, ఆమెన్. వాన కోసం, ఆమెన్. "సంఘం మేలు కోసం తన ఆశను నీ పాదాల దగ్గర విడిచిపెట్టిన నీ దాసురాలిని బట్టి స్తోత్రం తండ్రీ." అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. మాటలు వచ్చిన నాటి నుంచి ప్రార్థనలో వాక్యం ఆగిన చోటల్లా ఆ మాట నా నోటి నుంచి దానంతట అదే వస్తుంది. కళ్ళు తెరిచేసరికి ముందు వరస ఆడవాళ్ళు తలలు తిప్పి నన్నే చూస్తున్నారు. ఒక ముసలామె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆ దాసురాలు నేనేనని అప్పుడు తెలిసింది.

బయట చెప్పుల దగ్గర పాస్టరును ఆపాను. "అయ్యగారూ, నేనెప్పుడు విడిచిపెట్టినా?"

"దేవుని సన్నిధిలో ఆమెన్ అంటివి కదమ్మా. సంఘమంతా ఇన్నాది."

"మీరు నన్ను అడిగినారా?"

"ప్రార్థనలో అడిగేది దేవుణ్ణి తల్లీ" అని బండి ఎక్కి వెళ్ళిపోయారు.

పొద్దు గుంకేలోపు ఆ మాట డోన్‌కు చేరింది, గుంటూరు చేలకూ చేరింది. సర్వే ఫోన్‌ను తిట్టి పెట్టేసిన ఆమే మళ్ళీ ఫోన్ చేసింది. "తప్పుకున్యావంట కదక్కా. ఇంక మేము రావల్లనా, వద్దా?" రమ్మన్నాను. తప్పుకోలేదని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. కొందరు నమ్మారు. కొందరు, గుడిలో అన్న మాట దేవుడి ముందు అన్నట్టే కదా అన్నారు. నమ్మిన వాళ్ళు కూలి వదులుకుని ఒక జీపులో వచ్చారు.

సమావేశం ఫంక్షన్ హాల్లో. మా వాళ్ళు చివరి వరసల్లో కూర్చున్నారు. మిరప ఘాటుకు మండే వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని, వాటిని విప్పకుండానే వచ్చారు. ఇన్‌ఛార్జి మైకు తీసుకున్నాడు. "మన అక్క పెద్ద మనసుతో తప్పుకుంది. కాబట్టి మన అభ్యర్థి ఏకగ్రీవం" అన్నాడు. చప్పట్లు.

లేచి నిలబడ్డాను. "నేను తప్పుకోలే. నా పేరు చెప్పి చేతులెత్తియ్యండి."

"కూసోమ్మా, ఐపోయింది."

చెయ్యి ఎత్తాను. వెనక మా ఆడవాళ్ళూ లేచి చేతులెత్తారు. ఇన్‌ఛార్జి మా తలల మీదుగా గోడ వైపు చూసి, "భోజనాలు మొదలుపెట్టండప్పా" అన్నాడు. కుర్చీలు కదిలాయి. ఎత్తిన చేతుల పక్కనుంచి జనం పళ్ళేల వైపు నడిచారు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి, దించమని కళ్ళతో చెప్పాడు. కాంట్రాక్టరు కోడలు మా వైపు వచ్చి ఏదో అనబోయింది. మామ పిలిస్తే వెళ్ళిపోయింది.

"ఎంతసేపు ఎత్తుకోవల్లక్కా?" అంది పక్కనున్నామె.

"లెక్కపెట్టేదాకా" అన్నాను.

హాలు ఖాళీ అయింది. జీపు వాడు హారను కొట్టాడు. వాళ్ళు తిరిగి పోవాలి. ఒక్కొక్కరే చేతులు దించి, భోజనం చేయకుండానే ఎక్కారు.

మర్నాడు పేపర్లో ఏకగ్రీవమని వచ్చింది. గుంటూరులో మేస్త్రీ వాళ్ళ జాగాలో వేరే కూలీలను పెట్టుకున్నాడు. సర్వే ఫోన్‌ను తిట్టిన ఆమె మళ్ళీ ఫోన్ చేస్తే, ఈసారి తిట్లు నాకే పడతాయనుకున్నాను.

"బాధ పని పోయినందుకు కాదక్కా" అంది ఆమె. "మేము అంత దూరమొచ్చి నిలబడితిమి కదా. ఈడ మేస్త్రీ పేపరు చూపిచ్చి, ఏకగ్రీవమైతే చేతులెత్తిందెవురు, మీరు యాడికీ పోలే, అబద్ధం చెప్తాండారు అంటాండాడు."

నేను వచ్చి చెప్తానన్నాను. నువ్వు చెప్తే నమ్ముతారా అక్కా, అని అడిగింది.